మూడో పాఠం: కానోపీ మీది గీతలను పోగొట్టడం

ప్లాస్టిక్ విమాన నమూనాల కిట్‌లో స్ప్రూ (భాగాలన్నీ అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) నుంచి పారదర్శక భాగాన్ని పగలకుండా వేరుచేయడం గత పాఠంలో చూశాం. ఈసారి అభ్యాసానికి 1/48 స్కేలు (అసలు విమానంలో 48వ వంతు) ఎఫ్-16 యుద్ధవిమానం కానోపీని, అంటే పైలట్ కూర్చునే చోటును కప్పే పారదర్శక మూతను తీసుకుందాం. అసలు విమానంలో పైలట్ ఎదుట ఫ్రేము లేకుండా ఒకే పాలికార్బొనేట్ గుమ్మటం ఉంటుంది కనుక, మన నమూనాలో పడిన గీతను దాచడానికి ఎక్కడా చోటు దొరకదు. పైగా ఈ కానోపీ అంచుకన్నా నడుమ వెడల్పుగా ఉబ్బి ఉంటుంది. అచ్చును నడినెత్తిన విడదీస్తే తప్ప అది బయటికి రాదు కాబట్టి, చాలా కిట్లలో ముందునుంచి వెనక్కి ఒక సన్నని అతుకుగీత మిగిలిపోతుంది. పెట్టెలో రాసుకుని పడిన గీతలకూ దీనికీ చికిత్స ఒక్కటే.

గీత పడినచోట వెలుతురు చెదిరిపోవడం వల్ల అది తెల్లగా కనిపిస్తుంది. కాబట్టి గీత అడుగుదాకా చుట్టూ ఉన్న ప్లాస్టిక్‌ను అరగదీయాలి, ఆ అరుగుదల మిగిల్చిన గీతలను అంతకంతకూ సన్నం చేసుకుంటూ పోవాలి. అయితే ప్లాస్టిక్ లోపలికి పాకిన పగులు మాత్రం ఇలా పోదు. ఆ భాగాన్ని మార్చుకోవడమే మేలు.

కార్ల రంగుల దుకాణంలో వాటర్ పేపర్ (తడిపి వాడే గరుకు కాగితం) అని అడిగి 1000, 1500, 2000 నంబర్లు తెచ్చుకోండి; నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. కానోపీని వేలికి తొడిగి, సబ్బునీటితో తడుపుతూ, 1000 నంబరుతో నిలువుగా, 1500తో అడ్డంగా, మళ్లీ 2000తో నిలువుగా తేలికగా రుద్దండి. దిశ మార్చడం చాలా ముఖ్యం. 1500తో అడ్డంగా రుద్దుతున్నప్పుడు ఒక్క నిలువుగీత కనిపించినా, 1000 పని ఇంకా పూర్తి కాలేదని అర్థం. ఏటవాలు వెలుతురులో పట్టి చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. ఈ దశలో కానోపీ అంతా పాలలా తెల్లబడుతుంది. కంగారు పడవద్దు, ఆ తెలుపు ఎక్కడా చారలు లేకుండా సమంగా ఉండడమే మనకు కావాలి.

తరువాత 4000, 8000, 12000 నంబర్ల పాలిషింగ్ గుడ్డలు వాడి, చివర మెత్తని నూలుబట్టతో సన్నరకం పాలిషింగ్ కాంపౌండ్ పట్టించండి. మోటారు పరికరం ఇక్కడ వద్దు. కిట్ భాగాల ప్లాస్టిక్ అయిన పాలిస్టైరీన్ సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మెత్తబడుతుంది, రాపిడి వేడికి ఉపరితలం క్షణంలో పాడవుతుంది. థిన్నర్‌తో తుడిచినా సన్నని పగుళ్లు వస్తాయి. సూపర్ గ్లూ ఆవిరి వల్ల పట్టిన తెల్లపొర మాత్రం పైపైనే ఉంటుంది గనుక పాలిష్‌తోనే పోతుంది.

మొదట పారదర్శక స్ప్రూ ముక్కపై ఈ వరుసంతా చేసి చూసి, ఆ తరువాతే కానోపీని ముట్టుకోండి. మెరుగుపెట్టిన కానోపీని పారదర్శక యాక్రిలిక్ ద్రవంలో ముంచి ఆరబెట్టే పద్ధతిని నాలుగో పాఠంలో నేర్చుకుందాం.