కుక్కనో పిల్లినో విదేశానికి తీసుకెళ్తున్నారా? ఎక్కడ ఆగిపోతారు, ఎందుకు ఆగిపోతారు

ఎయిర్‌పోర్ట్ కౌంటర్ దగ్గర బయటపడే చిక్కుల్లో చాలావాటికి మూలం నెలల వెనక ఉంటుంది. గుర్తింపు నంబరుండే చిప్ ఏ రోజు పెట్టించారు, రేబిస్ టీకా ఎప్పుడు వేయించారు, ఆ టీకా పరీక్షకు రక్తం ఎప్పుడు తీయించారు అన్న మూడు తేదీల వరుస తప్పితే, ఆఖరి వారంలో ఎంత పరిగెత్తినా లాభం ఉండదు. అందుకే కింది వాటిలో మొదటి మూడూ టికెట్ కొనకముందే చూసుకోండి. నియమాలు దేశానికో రకంగా ఉంటాయి, మధ్యలో మారుతుంటాయి కూడా. వెళ్లే దేశపు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉన్నదే లెక్క.

స్కానర్ పెడితే నంబర్ రావడం లేదు

కారణం రెండింటిలో ఒకటి. మొదటిది, చిప్ జరిగిపోయి ఉండొచ్చు. బియ్యపు గింజంత ఉండే ఈ చిప్‌ను భుజాల మధ్య చర్మం కింద పెడతారు. కొన్నాళ్లకు అది పక్కకో కిందికో జారుతుంది. మా పిల్లికి మెడ మీదే నాలుగుసార్లు స్కానర్ తిప్పి, చిప్ పాడైందని తేల్చేశారు. ఒక్కసారి కాలి వైపు కూడా చూడమని బతిమాలితే, ఎడమ భుజం మీదుగా మెల్లగా కిందికి జరిపారు. ముందుకాలి కీలుకు కాస్త పైన బీప్‌మంది! కాబట్టి ఒళ్లంతా, నెమ్మదిగా, రెండు వైపులా చూడనిదే చిప్ లేదని ఒప్పుకోకండి.

రెండోది, ఫ్రీక్వెన్సీ తేడా. చాలా దేశాలు అడిగేది అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ పెట్టిన 11784, 11785 ప్రమాణాల చిప్. దానికి 15 అంకెల నంబర్ ఉంటుంది, 134.2 కిలోహెర్ట్జ్ దగ్గర చదవబడుతుంది. పాత చిప్‌లు కొన్ని 125 కిలోహెర్ట్జ్‌వి, వాటిని కొన్ని స్కానర్లు పట్టుకోలేవు. అలాంటప్పుడు ఆ చిప్‌ను చదివే రీడర్‌ను మీరే వెంట తీసుకెళ్లాలి, లేదా ఐఎస్ఓ చిప్ రెండోది పెట్టించాలి. రెండోది పెట్టిస్తే రెండు నంబర్లూ కాగితాల్లో ఉండేలా చూసుకోండి. పాత నంబర్ మీద ఉన్న టీకా రికార్డు దేనికి చెందిందో తెలియకపోతే మళ్లీ మొదటికొస్తారు.

టీకా వేయించాం, అయినా చెల్లదంటున్నారు

టీకా ముందు, చిప్ తర్వాత అయి ఉంటుంది. టీకా పడింది ఈ కుక్కకేనని రుజువు చేసేది చిప్ నంబరే కాబట్టి, అంతకు ముందు వేసిన డోసును యూరోపియన్ యూనియన్ సహా చాలా దేశాలు లెక్కలోకి తీసుకోవు. చిప్ చదివించి టీకా మళ్లీ వేయించడం తప్ప దారి లేదు. రెండూ ఒకే రోజు అయినా ఫర్వాలేదు, చిప్ ముందు పడాలంతే. యూరప్‌కైతే పిల్లకు 12 వారాలు నిండాకే మొదటి టీకా, ఆపైన 21 రోజులు ఆగాలి.

బూస్టర్ ఒక్క రోజు ఆలస్యమైనా అది కొత్తగా వేసిన మొదటి టీకా కిందే లెక్క. ఆ 21 రోజులు మళ్లీ మొదలవుతాయి. అంతకు ముందు చేయించిన రక్తపరీక్ష కూడా పనికిరాకుండా పోతుంది. ఇది చాలామందికి చివరిదాకా తెలియదు.

రక్తపరీక్షలో ఫెయిల్, లేదా పాసైనా ఇంకా రావద్దంటున్నారు

టీకా వల్ల రక్తంలో రక్షణ ఎంత వచ్చిందో చూసేది టైటర్ టెస్ట్. అందులో రేబిస్ యాంటీబాడీలు మిల్లీలీటరుకు కనీసం 0.5 ఐయూ (ఇంటర్నేషనల్ యూనిట్) ఉండాలి. ఒక్క డోసే పడ్డ కుక్కపిల్లల్లో ఈ స్థాయి కొన్ని వారాలు పెరిగి తర్వాత తగ్గుతుంది, కాబట్టి రక్తం ఆలస్యంగా తీస్తే తక్కువ రావచ్చు. టీకా పనిచేయలేదని కంగారు పడక్కర్లేదు. బూస్టర్ వేయించి, డాక్టర్ చెప్పిన రోజున మళ్లీ తీయించండి. శాంపిల్ వెళ్లేది గుర్తింపు ఉన్న ల్యాబ్‌కేనా అని ముందే అడగండి.

పాసైనా ఆపేది వెయిటింగ్. రేబిస్ అదుపులో ఉందని యూరోపియన్ యూనియన్ ఒప్పుకున్న దేశాల జాబితాలో లేని దేశం నుంచి అక్కడికి వెళ్తుంటే, టీకా పడ్డ 30 రోజుల తర్వాతే రక్తం తీయాలి, తీసిన రోజు నుంచి 3 నెలలు ఆగాలి. జపాన్‌కైతే రెండు టీకాలు, రక్తం తీసిన రోజు నుంచి 180 రోజులు, వచ్చే 40 రోజుల ముందే అక్కడి అధికారులకు సమాచారం. ఆ 180 రోజులు నిండకుండా వెళ్తే మిగిలిన రోజులు క్వారంటీన్‌లో గడపాల్సిందే. దీనికి షార్ట్‌కట్ లేదు, ఉందని చెప్పే ఏజెంటును నమ్మకండి. అమెరికా 2024 ఆగస్టు 1 నుంచి ఆరు నెలలు నిండని కుక్కలను రానివ్వడం లేదు, అక్కడ వయసు కోసం కూడా ఆగాల్సి రావచ్చు.

సర్టిఫికెట్ గడువు దాటిపోయింది

హెల్త్ సర్టిఫికెట్ ఎంత ముందు తీసుకుంటే అంత మంచిదనుకుంటారు. కానీ యూరప్‌లో అడుగుపెట్టే సమయానికి అది 10 రోజుల లోపుదై ఉండాలి, పైగా ప్రభుత్వ పశువైద్యాధికారి ముద్ర పడాలి. ముద్రకు ఎన్ని రోజులు పడుతుందో ముందు కనుక్కుని, ఆ తర్వాత డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి.

కుక్కకు నులిపురుగుల మందు విషయంలో గంటల లెక్క. బ్రిటన్, ఐర్లాండ్, ఫిన్లాండ్, మాల్టా, నార్వేలకు చేరే సమయానికి 24 నుంచి 120 గంటల లోపు టేప్‌వార్మ్ మందు పడి ఉండాలి, డాక్టర్ తేదీ, సమయం రాయాలి. బయల్దేరే సమయం నుంచి లెక్కపెట్టి దెబ్బతింటారు చాలామంది. రెండున్నర రోజుల ముందు ఇప్పిస్తే ఫ్లైట్ ఆలస్యమైనా ఇబ్బంది ఉండదు.

క్రేట్ చిన్నదని వెనక్కి పంపారు

క్రేట్ అంటే జంతువును పెట్టి విమానంలో పంపే పెట్టె. షాపులో 'లార్జ్' అని రాసి ఉంది కదా అని కొంటే ఇదే జరుగుతుంది. ఎయిర్‌లైన్స్ పాటించేది వాటి అంతర్జాతీయ సంఘం ఐఏటీఏ చెప్పిన కొలత, అది వేరు. ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా ఒక కొలత, నేల నుంచి మోచేతి కీలు దాకా రెండోది, భుజాల వెడల్పు మూడోది, నిలబడ్డప్పుడు చెవి కొస దాకా ఎత్తు నాలుగోది. చెవులు నిక్కబొడుచుకున్న కుక్కైతే తలను కాదు, చెవులను కొలవాలి. ఉదాహరణకు ఈ నాలుగూ 70, 30, 25, 60 సెంటీమీటర్లు వచ్చాయనుకోండి. క్రేట్ పొడవు 70కి 30లో సగం కలిపి 85, వెడల్పు 25కు రెట్టింపు 50, ఎత్తు 60తో పాటు కింద పరిచే మెత్త మందం. పగ్, బుల్‌డాగ్ లాంటి చిన్న ముక్కు జాతులకు ఇంకో 10 శాతం కలపాలి. వాటికి ఊపిరి ఇబ్బంది ఎక్కువ కాబట్టి కొన్ని ఎయిర్‌లైన్స్ అసలు తీసుకోవు కూడా, ముందే అడగండి. ప్లాస్టిక్ క్లిప్పులు తీసి ఇనుప బోల్టులు బిగించండి. చక్రాలుంటే ఊడదీయండి.

క్రేట్‌లోకి పోనంటోంది

క్రేట్ ప్రయాణం ముందు రోజు ఇంటికొచ్చి ఉంటుంది! రెండు నెలల ముందే తెచ్చి, తలుపు ఊడదీసి, హాల్లో ఒక మూల పెట్టేయండి. లోపలికి నెట్టకండి, పిలవకండి. తిండి గిన్నె మొదట గుమ్మం దగ్గర, వారం గడిచాక లోపలి గోడ దగ్గర. తనంతట తాను పోయి అందులో నిద్రపోయిన రోజున తలుపు బిగించి ఐదు నిమిషాలు, ఆపైన గంట, తర్వాత ఒక రాత్రి. మీరు వాడిన పాత టీషర్ట్ అందులో వేస్తే ఇంకా త్వరగా అలవాటవుతుంది.

మత్తుమందు ఇచ్చేస్తే గొడవ ఉండదు కదా అనుకోవద్దు. రక్తపోటు పడిపోవచ్చు, క్రేట్ కదిలినప్పుడు ఒళ్లు నిలదొక్కుకోలేదు, మత్తులో ఉన్న జంతువును చాలా ఎయిర్‌లైన్స్ ఎక్కించుకోవు.

సెక్యూరిటీ దగ్గర పిల్లి చేజారింది

క్యాబిన్‌లో వెళ్లే వాళ్లకు ఇది ఎదురుకావచ్చు. బ్యాగ్ ఎక్స్‌రేలోకి పోతుంది, పిల్లిని చేతుల్లో పట్టుకుని మీరు నడవాలి. చప్పుళ్లకు బెదిరితే గోళ్లతో గీరి దూకేస్తుంది. హార్నెస్‌ను ఇంట్లోనే తొడిగి తీసుకెళ్లండి, పట్టీ మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకోండి. జనం ఎక్కువ ఉంటే విడిగా గదిలో తనిఖీ చేయమని అడగండి, చాలా చోట్ల ఒప్పుకుంటారు. బ్యాగ్ జిప్ మాత్రం సిబ్బంది తీయమన్నాకే తీయండి.