స్కాట్లాండ్ పల్లెలో ఇల్లు తీస్కుంటున్నారా, అయితే ఇవి ముందే చూస్కోండి

ఇన్వర్నెస్‌లోనో ఎల్గిన్‌లోనో హాస్పిటల్ జాబ్ వచ్చింది, టౌన్‌లో ఇల్లు దొరకట్లేదు, ఇరవై మైళ్ళ అవతల పల్లెలో ఒకటి రెంట్‌కి ఉంది తీస్కోమంటారా అని మనవాళ్ళు అడుగుతుంటారు. తీస్కోండి. కాకపోతే ఒకటి, సిటీలో గ్యాస్ కంపెనీ, మున్సిపాలిటీ చూస్కునే పనులు ఇక్కడ సగం మీ నెత్తిన పడతాయి, మిగతా సగం పక్కింటోళ్ళ సాయంతో గడుస్తాయి. నేనుండేది ఇన్వర్నెస్‌కి బ్రిడ్జి అవతల బ్లాక్ ఐల్ వైపు, కాబట్టి హైలాండ్స్ సంగతే చెప్తా, మిగతా చోట్ల కాస్త అటూఇటూగా ఇంతే.

ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు కిచెన్ బావుందా వ్యూ బావుందా అని కాదు, హీటింగ్ దేంతో, నీళ్ళు ఎక్కణ్ణుంచి, టాయిలెట్ నీళ్ళు ఎక్కడికి పోతాయి, ఫోన్ సిగ్నల్ ఏ గదిలో వస్తుంది, ఈ నాలుగూ అడగండి. వ్యూ ఎలాగూ బావుంటుంది.

హీటింగ్‌కి చాలా పల్లెల్లో పైప్ గ్యాస్ ఉండదు, పెరట్లో ఒక పెద్ద ట్యాంక్ ఉంటుంది, అందులో హీటింగ్ ఆయిల్, అంటే కిరోసినే. ట్యాంకర్ వాళ్ళు మామూలుగా 500 లీటర్లకి తక్కువైతే రారు, రేటు వారం వారం మారుద్ది, అందుకే చాలా ఊళ్ళల్లో పదిమంది కలిసి ఒకేసారి ఆర్డర్ పెట్టి రేటు తగ్గించుకుంటారు, మీ ఊళ్ళో ఆ లిస్ట్ ఎవరి దగ్గరుందో కనుక్కుని పేరు రాయించుకోండి. సెప్టెంబర్‌లోనే ట్యాంక్ నింపెయ్యండి. మంచు పడ్డాక ట్యాంకర్ మీ దారి ఎక్కలేకపోవచ్చు, ట్యాంక్ పూర్తిగా ఎండిపోతే పైపులోకి గాలి దూరి మళ్ళీ ఆయిల్ పోసినా బాయిలర్ అంటుకోదు, మెకానిక్ రావాలి, ఆయన ఎప్పుడొస్తాడో దేవుడికే తెలియాలి.

టాయిలెట్ నీళ్ళు చాలా ఇళ్ళకి సెప్టిక్ ట్యాంక్‌లోకే. ఇది మనకి కొత్తేం కాదు, కాకపోతే ఇక్కడ ఆ ట్యాంక్‌ని సెపా అనే పర్యావరణ సంస్థ దగ్గర రిజిస్టర్ చెయ్యాలి, అది అయ్యిందా, చివరిసారి ఎప్పుడు ఖాళీ చేయించారు అని ఓనర్‌ని అడగండి. గారెలు, పూరీలు వేయించిన నూనె మాత్రం సింక్‌లో పొయ్యొద్దు, చలికి పైపులోనే గడ్డకట్టుద్ది. చల్లారాక డబ్బాలో పోసి పెట్టుకోండి. బ్లీచ్ ఎక్కువ పోస్తే ట్యాంక్‌లో పనిచేసే బ్యాక్టీరియా చస్తుంది, వెట్ వైప్స్ అయితే అసలుకే వద్దు.

నీళ్ళు కొన్ని ఇళ్ళకి ఊటనుంచో బోర్‌నుంచో వస్తాయి, దీన్ని ప్రైవేట్ వాటర్ సప్లై అంటారు. ఇంట్లోకి వచ్చేచోట ఫిల్టరూ, క్రిములు చంపే యూవీ లైటూ ఉంటాయి, కరెంట్ పోతే ఆ లైటు పోద్ది, పంప్ ఉంటే అదీ ఆగుద్ది, కాబట్టి నాలుగు క్యాన్ల నీళ్ళు ఎప్పుడూ పట్టి పెట్టుకోండి. కౌన్సిల్ వాళ్ళు చేసిన చివరి టెస్ట్ రిపోర్ట్ చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు.

కరెంట్ సంగతి వచ్చింది కాబట్టి, 2021 నవంబర్‌లో ఆర్వెన్ తుఫాను వచ్చినప్పుడు అబర్డీన్‌షైర్ పల్లెల్లో కొందరు వారం పైనే చీకట్లో ఉన్నారు. మనకి కరెంట్ పోవడం కొత్తా అనుకోకండి, బయట మైనస్‌లో ఉన్నప్పుడు కరెంట్ పోతే ఆయిల్ బాయిలర్ కూడా పనిచెయ్యదు, ఎందుకంటే దాని పంపూ బర్నరూ కరెంట్ మీదే నడుస్తాయి. కట్టెల పొయ్యి, అంటే స్టవ్ ఉన్న ఇల్లు దొరికితే వంద పౌండ్లు ఎక్కువైనా అదే తీస్కోండి అంటాను నేను. ఏడాదికోసారి చిమ్నీ శుభ్రం చేయించాలి, కట్టెలు ఎండినవే కొనాలి, పచ్చివి కొంటే పొగ తప్ప వేడి రాదు. కరెంట్ పోతే 105కి ఫ్రీగా ఫోన్ చెయ్యొచ్చు. ఇంట్లో చిన్నపిల్లలో, ఇండియానుంచి వచ్చిన అమ్మానాన్నో, మెషిన్ మీద ఉన్న పేషెంటో ఉంటే కరెంట్ నెట్‌వర్క్ వాళ్ళ ప్రయారిటీ లిస్ట్‌లో ముందే పేరు ఇవ్వండి.

రెంట్ కాగితాల గురించి రెండు ముక్కలు. 2017 డిసెంబర్ తర్వాత మొదలైన ప్రైవేట్ అగ్రిమెంట్లకి ముగింపు తేదీ ఉండదు, మీరు ఖాళీ చెయ్యాలంటే మామూలుగా 28 రోజుల నోటీస్ చాలు, అడ్వాన్స్‌ని ఓనర్ 30 వర్కింగ్ డేస్‌లో డిపాజిట్ స్కీమ్‌లో పెట్టాలి. ఇంకా 2022 ఫిబ్రవరినుంచి ప్రతి ఇంట్లో మంటనీ పొగనీ పసిగట్టే అలారాలు ఒకదానికొకటి కలిపి ఉండాలి. కిచెన్‌లో పెట్టేది వేడిని చూసేది కాబట్టి తాలింపుకి అది అరవదు గానీ, తలుపు తీసి ఉంచితే హాల్లోది పొగ పట్టి, ఇంట్లో ఉన్నవన్నీ కలిసి అరుస్తాయి. తలుపేసి కిటికీ తియ్యండి, చలైనా సరే.

ఇక రోడ్లు. పల్లె రోడ్లు చాలావరకు ఒక్క కారు పట్టేంతే, అక్కడక్కడా పాసింగ్ ప్లేస్ అని బోర్డు పెట్టి కాస్త వెడల్పు చేసి ఉంచుతారు. ఎదురుగా బండి కనపడగానే, పాసింగ్ ప్లేస్ మీ ఎడంపక్కనుంటే అందులోకి దూరి ఆగండి, కుడిపక్కనుంటే అటు వెళ్ళకుండా మీ సైడే దానికి ఎదురుగా ఆగండి, వాళ్ళే అందులోంచి తిరిగి వెళ్తారు. వెనకాల ఎవరైనా తొందరలో ఉన్నట్టు అనిపిస్తే పక్కకి ఆగి దారివ్వండి, అది పాలవాడో, డ్యూటీకెళ్ళే నర్సో అయ్యుంటుంది. ఫోటో కోసమని పాసింగ్ ప్లేస్‌లో కారు పార్క్ చేశారో ఊరంతా మీ నంబర్ ప్లేట్ గుర్తుపెట్టుకుంటుంది. హారన్ సంగతి మర్చిపోండి. ఎవరు దారిచ్చినా స్టీరింగ్ మీంచి చెయ్యో కనీసం వేలో ఎత్తాలి, తెలీనివాళ్ళకి కూడా, ఎత్తకపోతే పొగరనుకుంటారు. సాయంత్రం మసక వెలుతురులో జింకలు అడ్డమొస్తాయి, ఒకటి దాటిందంటే వెనకాల ఇంకోటుంటుంది, స్పీడ్ పెంచకండి. డిసెంబర్లో ఇక్కడ పొద్దున తొమ్మిదికి తెల్లారి మధ్యాహ్నం మూడున్నరకే పొద్దుగూకుద్ది, అంటే డ్యూటీకి వెళ్ళేదీ వచ్చేదీ చీకట్లోనే. మంచు కరగడానికి ఉప్పు చల్లే లారీ ముందు మెయిన్ రోడ్లకే పోద్ది, మీ సందుకి రాదు. పసుపు రంగు ఉప్పుడబ్బా ఏ మలుపులో ఉందో చూసి పెట్టుకోండి, కార్లో పార, దుప్పటి, టార్చ్ ఉండాలి. ఆ చీకటికి విటమిన్ డి మాత్ర వేస్కోండి, రోజుకి 10 మైక్రోగ్రాములని ఇక్కడ గవర్నమెంటే చెప్తుంది, మన ఒంటిరంగు వాళ్ళకి ఇది ఇంకా అవసరం. జూన్‌లో దీనికి ఉల్టా, రాత్రి పదకొండుకి కూడా వెలుతురే, పిల్లలు పడుకోరు, మందపాటి కర్టెన్లు కొనుక్కోవాల్సిందే.

పక్కింటోళ్ళ గురించి చాలామంది భయపడతారు, అనవసరం. వాళ్ళే వచ్చి పలకరించాలని కూర్చోకండి, మొదటివారంలో మీరే వెళ్ళి మేం ఫలానా ఇంట్లో దిగాం అని చెప్పండి. వెళ్ళేటప్పుడు వెనక తలుపు దగ్గరికి వెళ్ళండి, చాలా ఇళ్ళల్లో ముందు తలుపు ఉత్త షోకే, కొన్నయితే చెక్క ఉబ్బి తెరుచుకోవు కూడా. మాట వాతావరణంతో మొదలెట్టండి, జీతమెంత, పిల్లలెందుకు లేరు లాంటివి అడగొద్దు, వాళ్ళూ మిమ్మల్ని అడగరు, కానీ మీ ఇంటికి ఎప్పుడెవరొచ్చారో మాత్రం వాళ్ళకి తెలుస్తూనే ఉంటుంది. అది నాకు మన ఊరి అరుగు మీద కూర్చునే పెద్దాళ్ళ పద్ధతిలానే అనిపిస్తుంది, చిరాకు పడొద్దు, మంచు పడ్డ రోజు మీ కారు కదల్లేదని ముందు గమనించేది వాళ్ళే, ట్రాక్టర్‌తో దారి తీసేదీ వాళ్ళే. ఊరి హాల్లో సూప్ లంచ్‌లు, కేలీ అనే ఇక్కడి జానపద డాన్సులు పెడతారు, స్టెప్పులు రాకపోయినా వెళ్ళండి, చెయ్యి పట్టుకుని తిప్పేస్తారు. ఆగస్టులో మ్యూర్ ఆఫ్ ఆర్డ్ దగ్గర బ్లాక్ ఐల్ షో జరుగుద్ది, పశువులు, ట్రాక్టర్లు, జనం, పిల్లల్ని తప్పకుండా తీస్కెళ్ళండి.

నడకకి ఇక్కడ చట్టం మనవైపే ఉంది, 2003 భూసంస్కరణ చట్టం ప్రకారం బాధ్యతగా నడుచుకుంటే ఎవరి పొలంలోంచైనా, కొండమీంచైనా నడవొచ్చు, ఇళ్ళ చుట్టూ ఉండే తోటల్లోకీ, పైరు వేసిన చేలల్లోకీ తప్ప. గేటు మూసి ఉంటే మళ్ళీ ముయ్యండి, తీసి ఉంటే అలాగే వదిలెయ్యండి. ఏప్రిల్‌లో గొర్రెలు ఈనే టైమ్, కుక్కని పెంచితే తాడు వదలొద్దు, గొర్రెల్ని తరిమితే 40,000 పౌండ్ల దాకా జరిమానా, ఏడాది దాకా జైలు పడొచ్చు. నడిచొచ్చాక మోకాళ్ళ వెనక, నడుం దగ్గర చూస్కోండి, టిక్ అనే పిడుదు పురుగు పట్టుకుంటుంది, దానితో లైమ్ జబ్బు రావొచ్చు, పీకే చిన్న కొక్కెం మందుల షాపులో దొరుకుద్ది, గోళ్ళతో నలపొద్దు. మే నుంచి సెప్టెంబర్ దాకా గాలి లేని సాయంత్రాలు మిడ్జ్‌లనే దోమల్లాంటి పురుగులు మేఘంలా వచ్చి కుడతాయి, కనపడనంత చిన్నవి, కాస్త గాలి వీస్తే ఎగరలేవు, అందుకే బట్టలు ఆరేసేదీ బార్బెక్యూ పెట్టేదీ గాలి ఉన్న రోజు చూసి పెట్టుకోండి. బట్టలంటే గుర్తొచ్చింది, పాత ఇళ్ళల్లో కిచెన్ పైకప్పుకి తాడుతో కిందకీ పైకీ లాగే కర్రల దండెం ఉంటుంది, పుల్లీ అంటారు, పీకించెయ్యకండి, ఈ వానల్లో దాన్ని మించింది లేదు.

తిండి విషయానికొస్తే బియ్యం పెద్ద సంచి, పప్పు, చింతపండు గ్లాస్గో వెళ్ళినప్పుడు ఆల్బర్ట్ డ్రైవ్ అనే వీధి చుట్టుపక్కల ఒకేసారి వేస్కొచ్చుకోండి, అదే ట్రిప్పులో లా బెల్ ప్లేస్‌లో ఉన్న హిందూ మందిర్‌కీ వెళ్ళొచ్చు. ఆన్‌లైన్‌లో తెప్పించుకుందామంటే చాలా కొరియర్లు మన పిన్‌కోడ్ చూడగానే హైలాండ్స్ అని ఎక్స్‌ట్రా ఛార్జ్ వేస్తాయి, పేమెంట్ కొట్టే ముందు చూస్కోండి. ఇడ్లీ పిండి పులవాలంటే వేడినీళ్ళ ట్యాంక్ ఉండే అల్మరాలో పెట్టండి, రాత్రికి పెడితే పొద్దున్నకి పొంగుద్ది. కొత్తిమీర, మెంతికూర వేసవిలో బయట కూడా వస్తాయి, మిరపకి పాలీటనల్, అంటే ప్లాస్టిక్ షీట్ కప్పిన పందిరి కావాలి. కోడిగుడ్లు రోడ్డు పక్కన డబ్బాలో పెట్టి డబ్బులు పక్క డబ్బాలో వెయ్యమంటారు, చిల్లర దగ్గర పెట్టుకోండి.

దిగిన వారంలోనే జీపీ, అంటే ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్ దగ్గర రిజిస్టర్ అవ్వండి, మందులు ఇక్కడ ఫ్రీ, ప్రాణం మీదకి రానిదానికి 111, వస్తే 999. అంబులెన్స్ రావడానికి టైమ్ పట్టొచ్చు కాబట్టి ఆగిన గుండెకి షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్ మెషిన్ ఎక్కడుందో చూసుంచండి, కొన్ని ఊళ్ళల్లో పాత ఎర్ర ఫోన్ బూత్‌లోనే పెట్టారు. స్కూల్ చిన్నదే, రెండు మూడు క్లాసులు ఒకే గదిలో ఉంటాయి, నాకైతే అదే బావుందనిపిస్తుంది.

చివరగా డిసెంబర్ 31, హాగ్‌మనే. అర్ధరాత్రి దాటాక గడపలో మొదట అడుగుపెట్టేది నల్లజుట్టు మగమనిషైతే ఆ ఇంటికి ఏడాదంతా కలిసొస్తుందని ఇక్కడ నమ్మకం, కాబట్టి మీ ఇంటాయనకి గిరాకీ ఉంటుంది, పిలిస్తే పంపండి. చేతిలో ఒక బొగ్గుముక్కో, షార్ట్‌బ్రెడ్డో, విస్కీ సీసానో ఉండాలి, ఉత్తచేతుల్తో వెళ్ళకూడదు. కారు మాత్రం ఇంటిదగ్గరే వదిలి నడిచి వెళ్ళమనండి, 2014 డిసెంబర్ నుంచి స్కాట్లాండ్‌లో డ్రైవింగ్‌కి మందు లిమిట్ 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాములే, ఇంగ్లాండ్‌లో ఉన్న 80 లెక్క ఇక్కడ చెల్లదు.