అమెరికా ఫెడరల్ ఉద్యోగుల ఆరోగ్య బీమా: జీతంలో కోత ఎందుకు పెరిగింది?

ఏటా జనవరి నెలాఖరులో, కొత్త ప్రీమియంతో మొదటి పే స్లిప్పు రాగానే, ఇక్కడ ఫెడరల్ ఉద్యోగంలో ఉన్న తెలుగువాళ్లు ఎవరో ఒకరు నాకు ఫోను చేస్తారు. "ప్రభుత్వం ముప్పావు వంతు కడుతుందన్నారు, మరి నాకింత కోత ఏమిటండీ?" అని. చాలాసార్లు లెక్క సరిగ్గానే ఉంటుంది. ఎక్కడ తప్పుతుందో కూడా చెబుతాను.

సమస్య: ప్రీమియం 11 శాతమే పెరిగింది, నా వాటా మాత్రం 27 శాతం పెరిగింది.

కారణం: ఎఫ్‌ఈహెచ్‌బీ అనే ఈ ఫెడరల్ ఉద్యోగుల ఆరోగ్య బీమా పథకంలో ప్రభుత్వ వాటాకు రెండు కొలతలున్నాయి. అన్ని ప్లాన్ల సగటు ప్రీమియంలో 72 శాతం ఒకటి. ఎక్కువమంది చేరిన ప్లానుకు ఈ సగటులో ఎక్కువ తూకం ఉంటుంది. మీ ప్లాను ప్రీమియంలో 75 శాతం రెండోది. రెండింటిలో ఏది తక్కువైతే ప్రభుత్వం అదే కడుతుంది. ముప్పావు వంతు అన్నది హామీ కాదు, పైకప్పు.

ఉదాహరణకు ఆ 72 శాతం రెండు వారాలకు 286 డాలర్లు అనుకుందాం. మీ ప్రీమియం 360 అయితే ప్రభుత్వం 270 కడుతుంది, మీ వంతు 90. ప్రీమియం 400కు పెరిగితే 75 శాతం అంటే 300, కానీ ప్రభుత్వం 286 దగ్గరే ఆగుతుంది. మీ వంతు 114. ప్రభుత్వం 286 దగ్గర ఆగాక ప్రీమియంలో పెరిగే ప్రతి డాలరూ మీ జేబులోంచే పోతుంది.

పరిష్కారం: నవంబరు, డిసెంబరు నెలల్లో వచ్చే ఓపెన్ సీజన్‌లో (ప్లాను మార్చుకునే గడువులో) ప్లాన్ల పట్టికను తీసి, మొత్తం ప్రీమియం కాకుండా ఉద్యోగి వాటా ఉన్న గడిని పోల్చండి. ప్లాను ఎంత చౌకైనా పావు వంతు మీరే కట్టాలి. పూర్తిగా ఉచితమైనది దొరుకుతుందని వెతకకండి.

సమస్య: మేము ఇద్దరమే, అయినా కుటుంబ ప్లాను కన్నా మా కోత ఎక్కువ.

కారణం: ఒక్కరికి, ఇద్దరికి, కుటుంబానికి సగటును వేర్వేరుగా లెక్కిస్తారు, కాబట్టి ప్రభుత్వం ఆగే చోటూ వేర్వేరే. అందుకే కొన్ని ప్లాన్లలో ఈ విడ్డూరం కనిపిస్తుంది.

పరిష్కారం: ఇద్దరే ఉన్నా కుటుంబ ప్లాను తీసుకోవచ్చు, నిబంధనలు ఒప్పుకుంటాయి. మొహమాటపడకండి. అమ్మానాన్నలను మాత్రం ఏ ప్లానులోనూ చేర్చలేరు. ఇండియా నుంచి వచ్చేవారికి వేరే బీమా చూడాల్సిందే.

సమస్య: ప్లాను మారలేదు, కోత ఒక్కసారిగా రెట్టింపు దాటింది.

కారణం: పార్ట్ టైం. వారానికి 16 నుంచి 32 గంటల పనికి మారితే ప్రభుత్వ వాటా కూడా గంటల నిష్పత్తిలో తగ్గుతుంది. 20 గంటలు చేస్తే 286లో సగం, 143 మాత్రమే వస్తుంది. అదే 400 ప్రీమియంలో మీ వంతు 257 అవుతుంది.

తప్పు దొర్లేది ఇక్కడే. బాబు పుట్టాక కొన్నాళ్లు నేను సగం గంటలు చేశాను. మళ్లీ పూర్తి కాలానికి వచ్చినా కోత తగ్గలేదు. ఎస్‌ఎఫ్-50 అనే ఉద్యోగ వివరాల కాగితం తీసి చూస్తే 33వ గడిలో 40 అని ఉంది. వారానికి 40, సరిగ్గానే ఉందిలే అనుకుని రెండు జీతాలు ఊరుకున్నాను. ఆ గడి రెండు వారాల పార్ట్ టైం గంటలు చూపిస్తుంది. అంటే నన్నింకా సగం ఉద్యోగిగానే లెక్కిస్తున్నారు.

పరిష్కారం: 32వ గడి చూడండి. పూర్తి కాలమైతే ఎఫ్, పార్ట్ టైం అయితే పీ అని ఉంటుంది. తప్పుంటే పాత, కొత్త స్లిప్పులు జతచేసి హెచ్‌ఆర్‌కు రాసి పంపండి. నోటిమాటగా చెబితే మరుగున పడుతుంది.

సమస్య: జీతం లేని సెలవు నుంచి తిరిగి రాగానే వాయిదాలు రెండేసి పోతున్నాయి.

కారణం: ఆ సెలవులో 365 రోజుల వరకు బీమా కొనసాగవచ్చు. ప్రభుత్వం తన వాటా కడుతూనే ఉంటుంది. మీ వాటా బాకీగా పేరుకుంటుంది. పరిష్కారం: సెలవు పెట్టేముందే, నేరుగా కడతారో తిరిగొచ్చాక కోయించుకుంటారో తేల్చుకోండి.

సమస్య: రిటైరయ్యాక ప్రీమియం రెట్టింపైంది.

రెట్టింపు కాలేదు. రెండు వారాలకు 114 అంటే నెలకు 247, పెన్షన్‌లో నెలవారీగా కోస్తారు. ప్రభుత్వ వాటా తగ్గదు. కానీ ఉద్యోగంలో ఉండగా ప్రీమియం పోగా మిగిలిన జీతానికే పన్ను పడేది, పెన్షన్‌లో ఆ వెసులుబాటు లేదు. రిటైర్మెంటుకు ముందు వరుసగా అయిదేళ్లు, లేదా చేరే అవకాశం వచ్చిన నాటి నుంచీ, ఈ పథకం కింద ఉండాలని కూడా గుర్తుంచుకోండి. భార్య ఆఫీసు బీమా చౌకని నాలుగేళ్ల ముందు బయటికి పోయేవారు ఆ ఆదాను ఈ నిబంధనతో బేరీజు వేసి చూసుకోవాలి.