శిశిరంలో నల్లమల రంగులు: ఎప్పుడు వెళ్లాలి, ఎలా తీయాలి

అక్టోబరులో కెమెరా పట్టుకుని నల్లమల ఎక్కితే కనిపించేది ముదురు పచ్చదనమే. కాశ్మీరులో చినార్ చెట్లు రంగు తిరిగే శరదృతువు మన దగ్గర వానలు కురిసి వెలిసి అడవి నిండుగా ఉండే కాలం. ఇక్కడ ఆకు రాలడానికి అసలు కారణం చలి కాదు, నీటి ఎద్దడి. నేలలో తేమ తగ్గేకొద్దీ చెట్టు ఆకుల్లోని పోషకాలను వెనక్కి లాక్కుంటుంది. పత్రహరితం విరిగిపోయి, అంతదాకా దానికింద దాగిన పసుపు బయటపడుతుంది. డిసెంబరు చివర మొదలై మార్చి దాకా ఇది సాగుతుంది. పంచాంగం లెక్కన ఇందులో ఎక్కువ భాగం మాఘ ఫాల్గుణాలు, అంటే శిశిరం.

ఒకేసారి కొండంతా రంగు మారదు. జనవరిలో టేకు ఆకులు పసుపుగా, గోధుమగా మారి రాలతాయి. చిరుమాను ఆకులు రాగి రంగుకు తిరుగుతాయి. ఫిబ్రవరి మధ్యకొచ్చేసరికి ఆకు లేని కొమ్మల మీద మోదుగ పూస్తుంది. బూరుగ ఎర్రగా, కొండగోగు నిండు పసుపుగా పూసేదీ ఆ రోజుల్లోనే. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్ప, రావి, తునికి చిగురు వేస్తాయి. ఆ లేత ఆకు ఎరుపులోనో రాగిలోనో ఉంటుంది. మన కొండల్లో ఎరుపు ఎక్కువగా రాలే ఆకుది కాదు, పూలదీ పుట్టే ఆకుదీ. ఇది తెలిస్తే ఫ్రేమ్ ఆలోచనే మారిపోతుంది. కొండవాలు మొత్తాన్ని వైడ్ లెన్స్‌తో తీస్తే ఎండు కొమ్మల బూడిద రంగు తప్ప ఏమీ రాదు. ఆ బూడిదలో ఒక్క చెట్టును పట్టుకోవాలి. అందుకు దూరాన్ని దగ్గరికి లాగే 70–200 మి.మీ. జూమ్ లెన్స్ పనికొచ్చినంతగా ఇంకేదీ పనికిరాదు.

స్థలాన్ని బట్టి వేళ ఎంచుకోండి. నంద్యాల వైపు నుంచి చూస్తే కొండలు తూర్పున ఉంటాయి. పొద్దున మనకు కనిపించే వాలు నీడలో ఉంటుంది, ఎండ సాయంత్రం పడుతుంది. కాబట్టి గాజులపల్లె మీదుగా గిద్దలూరు వెళ్లే ఘాట్ మొదట్లో దూరపు వాలు తీయాలంటే సాయంత్రం నాలుగున్నర నుంచి పొద్దు గుంకే దాకా. అక్కడే ఆకులకు వెనక నుంచి వెలుగు కావాలంటే పొద్దున, సూర్యుడు గట్టు దాటి పైకొచ్చిన మొదటి గంట. ఎగువ అహోబిలం లోయలో ఉంది. తెల్లవారుజామునే చేరుకున్నా ఎండ కోసం ఆగాల్సిందే. ఆ ఆగే సమయం వృథా కాదు, నీడలో చిగురు రంగు మెత్తగా వస్తుంది. గండికోటలో ఆకుల కోసం వెతక్కండి. అక్కడ రంగంతా పెన్నా గండి రాతిదే. అనంతపురం వైపు అడవి పలచన. అక్కడ ఊళ్లో రచ్చకట్ట మీది రావి, రోడ్ల పక్క కానుగ చిగురు, వేప లేత ఆకు తీసుకోండి. రావి చిగురు ఎర్రగా ఉండేది కొద్ది రోజులే, తర్వాత పచ్చబడిపోతుంది.

ఫిబ్రవరి చివర ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు దాదాపు 65 డిగ్రీల ఎత్తుకు చేరతాడు. తొమ్మిదిన్నర దాటితే నీడలు నల్లబడి పూలు తెల్లబారతాయి. కెమెరా మూసెయ్యండి, నాలుగు దాకా తెరవొద్దు.

మోదుగ పువ్వు దగ్గర చాలామంది బోల్తాపడతారు. దాని నారింజ ఎరుపు సెన్సార్‌లోని ఎరుపు చానల్‌ను ముందే నింపేస్తుంది. మామూలు హిస్టోగ్రామ్ (ఫోటోలో వెలుగు ఎలా పరుచుకుందో చూపే గ్రాఫ్) చూస్తే అంతా బాగానే ఉన్నట్టుంటుంది, ఇంటికొచ్చి చూస్తే రేకుల్లో గీత, మడత ఏమీ ఉండదు, ఒక ఎర్రటి ముద్ద. మూడు రంగుల హిస్టోగ్రామ్ ఆన్ చేసుకోండి. ఎరుపు కుడి గోడకు తాకుతుంటే ఎక్స్‌పోజర్ 0.7 నుంచి 1 స్టాప్ తగ్గించండి (1 స్టాప్ తగ్గితే వెలుగు సగమవుతుంది, పెరిగితే రెట్టింపవుతుంది). సెన్సార్ పట్టిన సమాచారమంతా దాచే రా ఫార్మాట్‌లోనే తీయండి, జేపెగ్‌లో పోయిన ఎరుపు తిరిగి రాదు. మొదటి ప్రయత్నానికి లెన్స్ రంధ్రం ఎఫ్ 8, షట్టర్ 1/500 సెకను, ఐఎస్‌ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 400 పెట్టి చూడండి. గాలి ఆగితే 1/250కి దిగొచ్చు. తేనె కోసం గోరింకలు పొద్దున్నే వాలతాయి. పిట్ట కూడా కావాలంటే 1/1000 కంటే తగ్గొద్దు.

వైట్ బ్యాలెన్స్ (రంగుల వెచ్చదనాన్ని సర్దే సెట్టింగ్) ఆటోలో ఉంచితే కెమెరా ఈ వెచ్చదనాన్ని తప్పుగా భావించి నీలం కలుపుతుంది. 5500 కెల్విన్ దగ్గర స్థిరం చేయండి. నీడలోని చిగురుకు 6500 దాకా వెళ్లొచ్చు, అంతకు మించితే పచ్చిక కూడా పసుపు తిరుగుతుంది.

వెనక వెలుగులో ఆకును తీయడం మన అడవికి బాగా నప్పుతుంది, ఎందుకంటే పలచని కొమ్మల్లోంచి వెలుగు సులువుగా దూరుతుంది. వెనక చీకటి వాలు ఉంటే వెలుగు కొలిచే మీటర్ మోసపోయి ఆకును తెల్లబరుస్తుంది, 1 స్టాప్ తగ్గించాలి. వెనక ఆకాశం ఉంటే తిరగబడుతుంది, 1 స్టాప్ పెంచాలి. ఈ రెండింటిలో చీకటి వాలే మంచిది. మెరిసే ఆకు రంగు నిలబడాలంటే వెనక నలుపు ఉండాలి. ఎండ నేరుగా లెన్స్‌లో పడకుండా లెన్స్ హుడ్ తప్పనిసరి, లేకపోతే అరచేయి అడ్డం పెట్టండి.

పోలరైజర్ ఫిల్టర్ గురించి. కానుగ, రావి, ఇప్ప వంటి మెరుపున్న ఆకుల మీది తెల్లటి నిగారింపును అది తీసేస్తుంది, అసలు రంగు బయటికొస్తుంది. ఎండిన టేకాకు మీద దాని పని తక్కువ. ఆకాశం నీలాన్నీ అది ముదురు చేస్తుంది. అది ఎటువైపు బాగా పనిచేస్తుందో తెలియాలంటే చూపుడువేలును సూర్యుడి వైపు చాచి బొటనవేలిని నిటారుగా విప్పండి. చెయ్యి తిప్పినప్పుడు బొటనవేలు చూపే దిక్కుల్లోనే ఆకాశం మీద దాని ప్రభావం గరిష్ఠం. సూర్యుడికి ఎదురుగా నిలబడి తిప్పితే ఆకాశం దాదాపు మారదు. వెలుగులో ఒకటిన్నర నుంచి రెండు స్టాప్‌లు తింటుంది కాబట్టి ఐఎస్‌ఓ పెంచుకోవాలి. 24 మి.మీ. కంటే వెడల్పు లెన్స్‌తో వాడితే ఆకాశం సగం ముదురుగా, సగం లేతగా చారలు పడుతుంది.

ఫోన్‌తోనూ బాగా తీయొచ్చు. ముందు లెన్స్ తుడవండి, ఎర్రదుమ్ములో అరగంటకే పొర పడుతుంది. పువ్వు మీద వేలు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేసి, సూర్యుడి గుర్తును కిందికి జరపండి. పోర్ట్రెయిట్ మోడ్ వద్దు, సన్నటి కొమ్మల అంచుల్ని కొరికేస్తుంది. రెండు లేదా మూడు రెట్ల జూమ్ లెన్స్ ఉంటే అదే వాడండి, వేళ్లతో సాగదీయొద్దు.

మార్చిలో ఇంకో చిక్కు, పొగ. అడవిలో గడ్డి తగలబడే రోజుల్లో గాలి బూజరగా ఉంటుంది, ఐదు కిలోమీటర్ల అవతలి వాలు నీలంగా తేలిపోతుంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌లో గట్టిగా తీసేయాలని చూస్తే రంగులు మురికి పట్టినట్టు అవుతాయి. అరకిలోమీటరు, కిలోమీటరు లోపు చెట్లనే ఎంచుకోండి. ఎడిటింగ్‌లో శాచురేషన్ (రంగుల గాఢత) పెంచకండి. నారింజ, ఎరుపు రంగుల వెలుగు కొద్దిగా తగ్గిస్తే చాలు, రేకుల్లో గీతలు తేలతాయి.

దోర్నాల–ఆత్మకూరు రోడ్డు పులుల అభయారణ్యంలోంచి పోతుంది. రాత్రి గేటు వేస్తారు, కాబట్టి పొద్దున్నే అక్కడుండాలనుకుంటే గేటు తెరిచే వేళ ముందే కనుక్కోండి. రోడ్డు దిగి లోపలికి నడవాలన్నా, డ్రోన్ ఎగరేయాలన్నా అటవీశాఖ అనుమతి కావాలి. కడప వైపు లంకమల, పాలకొండలు ఎర్రచందనం పెరిగే చోట్లు. తెల్లవారుజామున పెద్ద బ్యాగుతో కనిపిస్తే సిబ్బంది ఆపి అడుగుతారు, అది వాళ్ల పని. గుర్తింపు కార్డు, అనుమతి కాగితం చేతికందేలా ఉంచుకుని మర్యాదగా చూపండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు తినడానికి ఎలుగుబంట్లు వస్తాయి. పొద్దు గుంకిన తర్వాత, తెల్లవారకముందు ఇప్పచెట్టు కిందికి వెళ్లొద్దు. అగ్గిపుల్ల, బీడీ, సిగరెట్ బండిలో కూడా వద్దు. ఎండుటాకు అరచేయి మందాన పరుచుకున్న చోట ఒక్క నిప్పురవ్వకు వాలంతా పోతుంది.