సెలైన్ స్టాండ్‌కు తగిలించిన అలారం తప్పుగా మోగుతుంటే

మా రాజాం వైపు చిన్న నర్సింగ్‌హోముల్లో రాత్రిపూట ఇద్దరు సిస్టర్లే ఇరవై, పాతిక పడకలు చూసుకుంటారు. సెలైన్ అయిపోయిన సంగతి ముందుగా గమనించేది పేషెంట్ పక్కన కూర్చున్న మనిషే. "అమ్మా, సెలైన్ అయిపోనాది, బేగి రండి" అంటూ వరండాలో పరుగెత్తుకొచ్చే గొంతు ఎన్నో రాత్రులు విన్నాను. ఆ మనిషి కునుకు తీస్తే సీసా ఖాళీ అవుతుంది, ధార ఆగుతుంది, నరంలో పెట్టిన సన్నటి గొట్టంలో, అంటే క్యాన్యులాలో, రక్తం గడ్డకడుతుంది. మళ్లీ ఇంకోచోట సూది పొడవాలి. ముసలివాళ్లకి నరం అంత సులువుగా దొరకదు.

అందుకే స్టాండ్‌కు బరువు చూసే అలారం తగిలించడం మొదలుపెట్టాం. కొక్కేనికీ సీసాకూ మధ్య బరువు కొలిచే ఒక లోడ్‌సెల్, దాన్ని చదివే హెచ్‌ఎక్స్711 బోర్డు, ప్రోగ్రాం నడిపే వైఫై చిప్ ఈఎస్‌పీ32, ఒక బజర్. కొందరు సీసా కింద చుక్కలు పడే చిన్న గదికి, అంటే డ్రిప్ చాంబర్‌కు, క్లిప్పులా పట్టే ఇన్‌ఫ్రారెడ్ చుక్కల సెన్సర్ కూడా పెడతారు. ఇవన్నీ బయటినుంచి చూసేవే. మందు పారే దారిలోకి ఏదీ పెట్టకూడదు, ట్యూబ్ మీద ధారను పెంచి తగ్గించే రోలర్‌ను మోటారుతో తిప్పాలన్న ఆలోచన అసలే వద్దు. 2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో వైద్య పరికరాలన్నీ, వాటి సాఫ్ట్‌వేర్‌తో సహా, మందుల చట్టం కిందికి వచ్చాయి. తయారుచేసి అమ్మాలంటే లైసెన్సు కావాలి. ఆస్పత్రిలో పెట్టి చూడాలన్నా డాక్టరుకు చెప్పి, ఆయన ఒప్పుకున్నాకే.

ఊరికే మోగే అలారాన్ని సిస్టర్లు రెండు రాత్రులు ఓర్చుకుంటారు. మూడో రాత్రి ప్లగ్ పీకేస్తారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఇక నిజంగా అయిపోయిన రోజున మోగేదే ఉండదు. కాబట్టి తప్పు మోతను నొక్కేసి ఊరుకోకుండా కారణం పట్టుకోవాలి.

సీసా సగం ఉండగానే "అయిపోయింది" అంటోంది

ఎక్కువగా జరిగేది ఇది: పేషెంట్ బాత్రూంకి వెళ్లాలి, తాలూకు మనిషి సీసాను కొక్కెం నుంచి తీసి చేత్తో పైకెత్తి పట్టుకుని వెంట నడుస్తాడు. లోడ్‌సెల్‌కు బరువు సున్నా అవుతుంది, బజర్ మోగుతుంది. రోలర్ పూర్తిగా తెరిచినా సీసా బరువు సెకనుకు కొద్ది గ్రాములకు మించి తగ్గదు. ఒక్క సెకనులో 50 గ్రాములు పోయాయంటే ఎవరో తీశారన్నమాట. ఆ తేడాను ప్రోగ్రాంలో రాసి, "సీసా తీశారు" అని వేరే మెసేజ్ చూపించండి. అయిదు నిమిషాలైనా తిరిగి తగిలించకపోతే అప్పుడు మోగనివ్వండి.

రెండో కారణం ఫ్యాన్ గాలి. సీసా ఊగితే బరువు పైకీ కిందికీ గెంతుతుంది. చివరి అయిదు సెకన్ల రీడింగులను చిన్నదాని నుంచి పెద్దదాని దాకా పేర్చి మధ్యది తీసుకోండి, అది "అయిపోయింది" అనే హద్దు దిగాక 20 సెకన్లు అక్కడే నిలిచితేనే మోగించండి. ఇంకోటి, అదే కొక్కేనికి యాంటీబయాటిక్ చిన్న సీసా కూడా తగిలిస్తుంటారు. దాన్ని తీయగానే లెక్క తారుమారవుతుంది. మాటలతో చెబితే ఎవరికీ గుర్తుండలేదు. చివరికి పక్కనే రెండో కొక్కెం బిగించాం, సమస్య పోయింది.

కరెంటు పోయి వచ్చాక నిండు సీసాకు సున్నా చూపిస్తోంది

దీనికి నేను మూడు రోజులు తిరిగాను. ఆన్ అవగానే ఉన్న బరువును సున్నాగా పెట్టుకునే ఒక వరుస ఉంటుంది, నెట్‌లో దొరికే నమూనా ప్రోగ్రాముల్లో చాలావాటిలో అది కనిపిస్తుంది. బల్ల మీద పరీక్షించేటప్పుడు సౌకర్యమే. వార్డులో మాత్రం ఇన్వర్టర్‌కి మారే క్షణంలో చిప్ రీసెట్ అవుతుంది, అప్పటికే వేలాడుతున్న సీసానే సున్నా అనుకుంటుంది. ఆ వరుస తీసేయండి. ఖాళీ కొక్కెం విలువను ఒక్కసారి కొలిచి చిప్ ఫ్లాష్ మెమరీలో దాచండి.

కరెంటు పోకుండానే రీసెట్ అవుతుంటే అడాప్టరూ కేబులూ మార్చి చూడండి. వైఫై పంపే క్షణంలో ఈఎస్‌పీ32 ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, సన్నటి కేబుల్‌లో వోల్టేజీ పడిపోతుంది. సప్లై దగ్గర 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేస్తే చాలావరకు కుదురుకుంటుంది.

చుక్కలు కంటికి కనబడుతున్నాయి, లెక్క కలవడం లేదు

ముందు ఐవీ సెట్ (సీసా నుంచి చేతికి వెళ్లే ట్యూబ్) ప్యాకెట్ చదవండి. మామూలు సెట్‌కు మన దగ్గర 20 చుక్కలు ఒక మిల్లీలీటరు, చిన్న చుక్కలు పడే మైక్రో సెట్‌కు 60. ప్రోగ్రాంలో 60 ఉండి పడకకు మామూలు సెట్ తగిలిస్తే, ఎక్కినదాంట్లో మూడో వంతే ఎక్కినట్టు చూపిస్తుంది. ఉద్దానం నుంచి వచ్చే కిడ్నీ పేషెంట్ల సంగతి తలుచుకుంటే ఈ పొరపాటుకు నాకు భయం. వాళ్లకు ఎక్కువైన నీరు ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం వస్తుంది. అందుకే సెట్ రకం ఎంచుకోకపోతే లెక్క మొదలే కాకుండా పెట్టాం.

సెట్ సరైనదే అయితే చాంబర్ చూడండి. మూడో వంతు నుంచి సగం దాకా నిండి ఉండాలి. అంతకు మించితే చుక్క సెన్సర్ ముందుకు రాకముందే నీటిలో కలిసిపోతుంది. గోడకు తడి అంటుకుంటే వేలితో రెండుసార్లు తట్టండి. పొద్దున్న ఎండ కిటికీలోంచి పడే పడకలోనే తప్పుతుంటే కారణం ఎండే, అందులోనూ ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది. నల్లటి తొడుగు వేయండి.

బరువు తగ్గడం ఆగిపోయింది

ఇక్కడ యంత్రం నిజమే చెబుతోంది. దాన్ని విప్పకండి, పేషెంట్ దగ్గరికి వెళ్లండి. చెయ్యి మడిచారా, ట్యూబ్ ఒంటి కింద నలిగిందా, సీసాలోకి గాలి వెళ్లే దారి ఉందా, చూడండి. ఇవేవీ కాకపోతే క్యాన్యులా మూసుకుపోయి ఉంటుంది, అది సిస్టర్ చూడాల్సిన పని.

స్క్రీన్ బాగుందంటోంది, చెయ్యి వాచింది

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది ఇదే. ఒక రాత్రి మా యంత్రం పచ్చ లైటుతో "210 మి.లీ. ఉంది, ధార సరిగ్గా ఉంది" అని చూపిస్తోంది. నేను తృప్తిగా చూస్తూ నిలబడ్డాను. పడక మీది మామ్మ "సెయ్యి బరువుగా ఉంది బాబూ" అంది. దుప్పటి తీసి చూస్తే గాజులు మణికట్టులోకి దిగబడి ఉన్నాయి, చర్మం నిగనిగలాడుతూ చల్లగా ఉంది. క్యాన్యులా నరంలోంచి జారి సెలైన్ చర్మం కిందికి పోతోంది. సీసా బరువు తగ్గుతూనే ఉంది, చుక్కలు పడుతూనే ఉన్నాయి. ఆ నీరు ఎక్కడికి పోతోందో లోడ్‌సెల్‌కు తెలిసే దారి లేదు.

ఆ మర్నాడే పచ్చ లైటు తీసేశాం, "సరిగ్గా ఉంది" అన్న మాట కూడా. ఎంత ఎక్కింది, ఎంత మిగిలింది, ఆ రెండు అంకెలే ఉంచాం. గంటకోసారి "చెయ్యి చూడండి" అని మెత్తగా గుర్తుచేస్తుంది. సిస్టర్ చూసి మీట నొక్కేదాకా ఆ మాట స్క్రీన్ మీదే ఉంటుంది. చూడటమంటే రెండో చేతితో పోల్చి చూడటం: వాపు, నొప్పి, చల్లదనం. తేడా ఉంటే రోలర్ మూసి సిస్టర్‌ను పిలవండి. క్యాన్యులా మీరు పీకకండి, ఎక్కుతున్న మందును బట్టి ఏం చేయాలో వాళ్లకు తెలుసు. సెలైన్ పెట్టే చేతికి గాజులూ ఉంగరాలూ ముందే తీయించండి.

ఫోన్‌కు కబురు రావడం లేదు

ఈఎస్‌పీ32 2.4 గిగాహెర్ట్జ్ వైఫైనే పట్టుకుంటుంది, రౌటర్‌లో అది ఆపేసి ఉందేమో చూడండి. ఫోన్ కబురు ఎలా ఉన్నా బజర్ మాత్రం పడక దగ్గరే, బ్యాటరీ మీద, నెట్‌తో పని లేకుండా మోగాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానప్పుడు పలాస, వజ్రపుకొత్తూరు వైపు రోజుల తరబడి కరెంటు లేదు.

బాగుచేశాక యంత్రాన్ని నేరుగా పడక దగ్గరికి తీసుకెళ్లకండి. ముద్ర ఉన్న 500 గ్రాముల తూనికరాయి తగిలించి అంకె చూడండి. తర్వాత మామూలు సెట్‌తో సీసాలోని నీటిని కొలజాడీలోకి వదలండి. జాడీలో 100 మి.లీ. గీత తాకేసరికి చుక్కల లెక్క 2000 దగ్గర ఉండాలి, బరువు సుమారు 100 గ్రాములు తగ్గాలి. మూడూ కలవకపోతే ఆ రాత్రికి యంత్రాన్ని బల్ల మీదే ఉంచి, పడక పక్కన మనిషినే కూర్చోబెట్టండి.