పాత బండి మరమ్మతు, 6వ పాఠం: వెనుక షాకులు కొనే ముందు

గత పాఠంలో ముందు ఫోర్కుల్లో నూనె మార్చాం. ఈసారి వెనుక షాక్ అబ్జార్బర్ల సంగతి. మాదిరికి నా యమహా ఆర్‌ఎక్స్ 100నే తీసుకుంటున్నాను. 1985లో వచ్చి 1996లో తయారీ ఆగిన బండి కాబట్టి వాటిలో చిన్నదానికీ ముప్పై ఏళ్ల వయసు వచ్చింది. మీది పాత బుల్లెట్ అయినా పద్ధతి ఇదే.

ముందు జబ్బు షాకులదేనా అని తేల్చుకోండి. సీటు వెనుక భాగాన్ని రెండు చేతులతో బలంగా నొక్కి వదలండి. పైకి లేచి ఒక్కసారి సర్దుకుంటే సరే. మూడు నాలుగు సార్లు ఊగినా, షాకు కడ్డీ మీద నూనె తడి కనిపించినా వాటి పని అయిపోయినట్టే. తరువాత సెంటర్ స్టాండ్ వేసి వెనుక చక్రాన్ని పక్కలకు కదపండి. టక్కుమంటే స్వింగ్ ఆర్మ్ (వెనుక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఊగే చేయి) బుష్షో, చక్రం బేరింగో అరిగింది. దాన్ని వదిలేసి షాకులు మారిస్తే డబ్బు దండగ.

ఇక పొడవు. షాకు రెండు చివర్లా బోల్టు దూరే రంధ్రం ఉంటుంది. దాని మధ్యభాగాన్ని కంటితో అంచనా వేయకండి. పై రంధ్రం పైఅంచు నుంచి కింది రంధ్రం పైఅంచు వరకు టేపు పట్టండి. రెండు రంధ్రాలూ ఒకే సైజువైతే మధ్య నుంచి మధ్యకు ఉండే దూరం కచ్చితంగా అదే. నేనొకసారి ఈ పని చేయకుండా, ‘అన్ని బండ్లకూ పడుతుంది’ అన్న దుకాణదారు మాట నమ్మి 20 మిల్లీమీటర్లు పొడవైన జత తెచ్చాను. బిగించాక సెంటర్ స్టాండ్ వేస్తే చక్రం నేల మీదే కూర్చుంది. షాకు ఇరుసుకు కాస్త ముందు బిగుసుకుంటుంది కనుక పొడవు 20 పెరిగితే చక్రం అంతకన్నా ఎక్కువే దిగుతుంది. గొలుసు స్వింగ్ ఆర్మ్‌ను రాసుకుంటూ చేసిన చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది. పొట్టివైతే మడ్‌గార్డు టైరుకు తగులుతుంది, హెడ్‌లైటు ఆకాశం చూస్తుంది.

బోల్టు మందం, ఆ రంధ్రంలో ఉండే బుష్షు వెడల్పు కూడా రాసుకోండి. వెడల్పు తక్కువైతే వాషర్లతో సర్దుబాటు చేసుకోవచ్చు, పొడవుకు ఆ వీలు లేదు.

అసలు విషయం స్ప్రింగు. షాకు కింద మెట్లు మెట్లుగా తిరిగే రింగును తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. గట్టిపడదు, బండి ఎంత కుంగాలో మాత్రమే మారుతుంది. ఆ కుంగుడునే కొలవాలి. చక్రం గాలిలో వేలాడుతున్నప్పుడు ఇరుసు నుంచి నిటారుగా పైన సీటు కింద ఒక గుర్తు పెట్టి దూరం చూడండి. తరువాత స్టాండు తీసి రోజూ ఎక్కినట్టే బండి ఎక్కండి. మరొకరిని మళ్లీ కొలవమనండి. చక్రానికి మొత్తం 90 మిల్లీమీటర్ల కదలిక ఉంటే తేడా 25 నుంచి 30 వరకు ఉండాలి. రింగు చివరి మెట్టులోనూ 40 దాటితే స్ప్రింగు మెత్తన. మొదటి మెట్టులోనే 15 రాకపోతే గట్టిది. ఒంటరిగా తిరిగే 60 కిలోల మనిషికీ, వెనుక భార్యను, ముందు బియ్యం బస్తాను పెట్టుకునే మనిషికీ ఒకే స్ప్రింగు ఎలా సరిపోతుంది?

దుకాణంలో స్ప్రింగు తీగ మందం చూడండి. గట్టిదనం ఆ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. చుట్టల సంఖ్య, వెడల్పు మారకుండా తీగ 7 నుంచి 8 మిల్లీమీటర్లయితే స్ప్రింగు దాదాపు 70 శాతం గట్టిపడుతుంది. కంటికి కనిపించేది మాత్రం ఒక్క మిల్లీమీటరే.

పక్కన మెరిసే గ్యాస్ డబ్బా గురించి కూడా అడుగుతుంటారు. నిజమైన డబ్బాలో నైట్రోజన్ ఒత్తిడి నూనెను నురగ కట్టనివ్వదు. చవక జతల్లో కొన్నిటికి అది అలంకారమే, లోపల ఖాళీ. నూరు సీసీ బండికి మామూలు నూనె షాకులు చాలు, కానీ ఎడమది, కుడిది రెండూ కలిపే మార్చండి.

వచ్చే పాఠంలో బిగింపు. ఈలోగా పొడవు, బోల్టు మందం, బుష్షు వెడల్పు, కుంగుడు కొలిచి కాగితం మీద రాసి పెట్టుకోండి. కుంగుడు కొలతకు ఇంట్లో ఒకరిని బతిమాలుకోక తప్పదు.