ముందు డిస్క్ బ్రేక్ అదురుతోందా? విప్పే ముందు ఇవి చూడండి

వానలకు ముందు పాత బండి బ్రేకులు చూసుకునేవాళ్ల కోసం. బ్రేక్ పట్టగానే లివర్ వేళ్లను తోస్తూ హ్యాండిల్ అదురుతుంటే:

కొత్త డిస్క్ అప్పుడే కొనకండి. వీల్ బేరింగులు గానీ కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగేచోటి బేరింగులు) గానీ లూజైనా ఇలాగే అదరొచ్చు. సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం పైకి లేపించి టైరును పక్కలకు ఊపండి. ఫోర్కులు కింద పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి. టకటకమంటే డబ్బు పెట్టాల్సింది అక్కడ.

డిస్క్ వంకర డయల్ గేజ్‌తో కొలిపించండి. చాలా బళ్లకు పరిమితి 0.3 మి.మీ.; కంటికి ఆనదు. సుత్తితో సరిచేస్తానన్న మెకానిక్కుకు ఓ దండం పెట్టి వచ్చేయండి.

మందం మైక్రోమీటర్‌తో ఆరేడు చోట్ల చూడాలి. వంకర లేకపోయినా ఒకచోట పల్చబడితే లివర్ తన్నుతుంది. కనీస మందం సాధారణంగా డిస్క్ మీదే చెక్కి ఉంటుంది. అంతకంటే తగ్గితే మార్చడమే, లేత్ పట్టించొద్దు.

డిస్క్ విప్పితే హబ్ (డిస్క్ బిగించే చక్రం మధ్య భాగం) మీది తుప్పు గీకేయండి. ఆ పొర చాలు, కొత్త డిస్క్ కూడా పక్కకు వాలిపోతుంది.

క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) పిన్నులు చేత్తో జరగాలి. పట్టేస్తే ప్యాడ్లు ఒకవైపే అరుగుతాయి.

క్యాలిపర్ బయట ఉండగా లివర్ నొక్కొద్దు, పిస్టన్ ఊడొస్తుంది.